కర్టెన్లు ఉతకడానికి ఇచ్చే ముందు ఒక చీటీ రాయండి



సంఘం తరఫున మేము మామూలుగా రాసేది సమావేశాల సమాచారం, పిల్లల తెలుగు తరగతుల వివరాలు, బహుమతులు పొందిన విద్యార్థుల పేర్లు. ఈసారి ఇంటి కర్టెన్ల గురించి రాస్తున్నాము. కార్యదర్శికి వేరే పని లేదా అని ఎవరైనా అడగవచ్చు. కారణం లేకపోలేదు. మా చేతుల మీదుగా ఒక తెర పాడయింది. అది మా ఇంటిది కాదు, మన అందరిదీ.

మన సంఘం వేదిక మీద కట్టే తెర చాలామందికి గుర్తుండే ఉంటుంది. లేత పసుపు రంగు నూలు బట్ట. దాని మీద మెరూన్ రంగు గుడ్డతో కత్తిరించి కుట్టిన తెలుగు అక్షరాలు. మన ఇళ్లలోని పెద్దమ్మలు, అత్తమ్మలు మధ్యాహ్నాలు కూర్చుని చేత్తో కుట్టినది. వారిలో ఇప్పుడు ఇద్దరే మిగిలి ఉన్నారు. ఇన్నేళ్లలో ఆ తెరను దులిపి మడిచి పెట్టడమే గాని నీళ్లలో ముంచలేదు. కిందటి వార్షికోత్సవానికి ముందు, మురికిగా ఉందని, కుర్చీ కవర్లతోపాటు ఉతకడానికి పంపించాము. మేము రాసి ఇచ్చిన చీటీలో ఉన్నది ఇంతే: "కుర్చీ కవర్లు 60, తెర 1."

ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తా పని చేశాము. ఇతరులు పంపిన ఎన్నో కాగితాల మీద "వివరాలు చాలవు" అని రాసి తిప్పి పంపాము. మా వంతు వచ్చినప్పుడు రాసిన వివరం మాత్రం అది. తెర తిరిగి వచ్చేసరికి అక్షరాల చుట్టూ గులాబీ రంగు కారి ఉంది. ఎనిమిది అడుగుల తెర నాలుగు అంగుళాలు పొట్టిదయింది. ఉతికినవారిని అనడానికి లేదు. తెర అన్నాము, తెరను ఉతికినట్టే ఉతికారు. అది ఏ బట్టో, రంగు నిలుస్తుందో లేదో చెప్పవలసింది మేము.

ఆ తర్వాత ఈ పని వృత్తిగా చేసేవారిని అడిగి తెలుసుకున్నాము. ఒక పగలంతా కూర్చుని చూశాము. తెలుసుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాము. భోగికి ముందో, ఆడికృత్తికకు చుట్టాలు దిగే ముందో మన ఇళ్లలో కర్టెన్లు దించుతాము గనుక అందరికీ పనికి వస్తుంది.

నీళ్లు తగలకముందే సగం పని

మేము చూసిన చోట కర్టెన్ రాగానే ఎవరూ నీళ్లలో వేయలేదు. ముందు బల్ల మీద పరిచారు. పొడవు, వెడల్పు కొలిచి రాసుకున్నారు. కొక్కేలు తీసి లెక్కపెట్టి సంచిలో కట్టారు. పైభాగంలో ఉన్న లోహపు రింగులకు తుప్పు ఉందేమో చూశారు. తుప్పు ఉంటే తడిలో అది బట్టకు పడుతుంది.

తర్వాత కిటికీ వైపు ఉండే భాగాన్ని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూశారు. ఇది ముఖ్యం. ఏళ్ల తరబడి ఎండ తగిలిన బట్టలో దారం లోపలే పుచ్చిపోతుంది. చూడటానికి బాగానే ఉంటుంది, ఉతికితే చీలికలవుతుంది. పడమటి కిటికీలకు కట్టిన పాత కర్టెన్లలో, వాటి లోపలి అస్తరులో ఇది ఎక్కువ. ఉతికినవారు చించారని మనం గొడవపడతాము గాని, చాలాసార్లు ఎండ ముందే చించి పెట్టి ఉంటుంది.

ఆ తర్వాత దుమ్ము దులపడం. మన ఊళ్లలో దుమ్ముకు కొదవ లేదు. చెన్నై-తిరుపతి రహదారి మీద లారీలు, ఇటుక బట్టీలు, ఎండాకాలంలో ఎర్రమట్టి గాలి. పొడి దుమ్మును పొడిగానే తీయాలి. తడిస్తే అది బురదై దారాల మధ్యకు దిగుతుంది. అందుకే బయట గాలిలో విదిలిస్తారు, లేదా వాక్యూమ్ క్లీనరుకు మెత్తని బ్రష్షు తగిలించి పైనుంచి కిందికి లాగుతారు. నెలకొకసారి ఇంట్లో ఇదొక్కటి చేసుకున్నా ఉతుకులు తగ్గుతాయి, బట్ట ఆయుష్షు పెరుగుతుంది.

ఇంట్లో ఉబ్బసం, తుమ్ముల బాధ ఉన్నవారు ఉంటే దీన్ని అందం విషయంగా చూడకూడదు. దుమ్ములో కంటికి కనిపించని పురుగులు బతుకుతాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన వైపు వాటికి అనుకూలం. వాటి వ్యర్థాలే చాలామందికి ఉబ్బసాన్ని రేపుతాయి. 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే ఆ పురుగులు చస్తాయి. కాని అంత వేడిని అన్ని బట్టలూ తట్టుకోవు. అందుకే ఉబ్బసం ఉన్నవారి గదిలో వేడినీళ్లకు ఓర్చే పలుచని నూలు కర్టెన్లు కట్టుకోవడం మేలు. మఖమలు, బరువైన అస్తరు కర్టెన్లు హాలుకు పరిమితం చేయవచ్చు. దులిపేటప్పుడు వారిని ఆ గదిలో ఉండనివ్వకండి.

బట్టను గుర్తుపట్టడం ఎలా

కొన్న కర్టెన్లకు లోపలి అంచులో చిన్న చీటీ కుట్టి ఉంటుంది. దాని మీది బొమ్మలు ఐదే. నీళ్ల తొట్టి అంటే ఉతుకు, త్రికోణం అంటే బ్లీచు, చతురస్రం అంటే ఆరబెట్టడం, ఇస్త్రీపెట్టె అంటే ఇస్త్రీ, వృత్తం అంటే వృత్తివారికి ఇవ్వాల్సినది. ఏ బొమ్మ మీద అడ్డగీతలు ఉంటే ఆ పని చేయకూడదు. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకాలి. తొట్టిలో 30, 40 అని అంకె ఉంటే అంతకన్నా వేడి నీళ్లు వాడకూడదు. వృత్తంలో పి లేక ఎఫ్ ఉంటే డ్రైక్లీనింగ్, డబ్ల్యూ ఉంటే వృత్తివారు నీళ్లతోనే జాగ్రత్తగా చేసే ఉతుకు.

మన ఇళ్లలో సగానికి పైగా కర్టెన్లు బట్ట కొని దర్జీచేత కుట్టించినవి. వాటికి చీటీ ఉండదు. అప్పుడు పాత పరీక్ష ఒకటి ఉంది. లోపలి అంచునుంచి ఒక్క దారం తీసి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పైన కాల్చి చూడాలి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద రాలితే నూలు. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు లేక ఉన్ని. కరిగి ముద్దయి, చల్లారాక గట్టి పూసలా ఉంటే పాలిస్టరు. రెండూ కలిసినట్టు ఉంటే మిశ్రమం. మిశ్రమాన్ని అందులో సున్నితమైనదానికి తగినట్టు ఉతకాలి.

నూలు కర్టెన్ మొదటి ఉతుకులో ఎందుకు పొట్టిదవుతుందో కూడా చెప్పారు. మగ్గం మీద దారం బిగువుగా లాగి ఉంటుంది. తడి తగలగానే ఆ బిగువు వదిలి దారం తన సహజమైన పొడవుకు వస్తుంది. నూటికి ఐదు వంతులు కుంగినా ఏడడుగుల కర్టెన్ నాలుగు అంగుళాలు పైకి పోతుంది. అందుకే దర్జీకి ఇవ్వకముందే బట్టను నానబెట్టి ఆరవేయాలి. కుదరకపోతే అడుగున రెండింతల మడత పెట్టించాలి. పళ్లిపట్టు, అమ్మయ్యార్‌కుప్పం, పొదట్టూరుపేట వైపు మగ్గాల మీద నేసిన నూలు బట్ట కొనేవారు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి.

ఎండ రాకుండా కట్టే మందపాటి బ్లాక్అవుట్ కర్టెన్ల వెనక రబ్బరులాంటి పూత ఉంటుంది. వేడినీళ్లు, బ్లీచు, పిండటం ఆ పూతను పగలగొడతాయి. పూత వైపు ఇస్త్రీపెట్టె పెడితే అంటుకుంటుంది. వీటిని దులిపి, తడిగుడ్డతో తుడిచి, తప్పనిసరి అయితేనే చల్లని నీళ్లలో మెల్లగా జాడించాలి. మఖమలును నీళ్లలో ముంచకూడదు. పోగు అణిగిపోతే మళ్లీ లేవదు.

రంగు పరీక్ష, ఒక పాత కథ

మేము చేయకుండా వదిలేసిన పని ఇదే. కర్టెన్ లోపలి అంచును కాస్త తడిపి, దాని మీద తెల్లని గుడ్డ పెట్టి ఐదు నిమిషాలు గట్టిగా అదిమి ఉంచాలి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ కర్టెన్ రంగు వదులుతుంది. ఒకే కర్టెన్‌లో మూడు రంగులుంటే మూడు చోట్లా చూడాలి. అంచులు, అతుకులు, కుట్టుపనికి వాడిన దారం, అన్నీ.

ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మన ఇళ్లలో ఒక నమ్మకం. అద్దకం వేసేటప్పుడు బట్ట రంగు పట్టడానికి ఉప్పు తోడ్పడుతుంది. కాని తర్వాత వదిలే రంగును అది శాశ్వతంగా కట్టిపడేయదు. రంగు వదిలే బట్టను విడిగా, చల్లని నీళ్లలో, త్వరగా ఉతికి, వెంటనే ఆరవేయాలి. పొరపాటున రంగు కారితే బట్టను ఆరనివ్వకూడదు. ధారాళంగా చల్లని నీళ్లు మార్చి మార్చి జాడించాలి. ఆరిన తర్వాత ఆ మరక కుదురుకుంటుంది. తడిసిన మా తెర మడతలో ఒక రాత్రి ఉండిపోయిందని తర్వాత తెలిసింది. గులాబీ మరకకు అసలు కారణం అదే.

ఈ సంగతి చెబుతున్నప్పుడు ఒకరు మద్రాసు గళ్ల బట్ట కథ గుర్తుచేశారు. చెప్పుకోదగ్గదే. 1958లో విలియం జాకబ్సన్ అనే అమెరికా బట్టల వ్యాపారి బొంబాయి వచ్చి, కెప్టెన్ సి.పి.కృష్ణన్ నాయర్ దగ్గర మద్రాసు గళ్ల చేనేత బట్ట కొన్నాడు. తర్వాత లీలా హోటళ్లు స్థాపించినది ఈ కృష్ణన్ నాయరే. ఇది రంగు వదిలే బట్ట, చల్లని నీళ్లలో మెల్లగా ఉతకాలి అని ఆయన అమ్మేటప్పుడే చెప్పారు. జాకబ్సన్ పదివేల గజాలు తీసుకువెళ్లి న్యూయార్క్‌లోని బ్రూక్స్ బ్రదర్స్ దుకాణానికి అమ్మాడు గాని, ఆ మాట మాత్రం చెప్పలేదు. కొన్నవారు యంత్రాల్లో వేసి వేడినీళ్లతో ఉతికారు. రంగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. చివరికి ప్రకటనలవారు తెలివిగా దానినే గొప్పగా మార్చి, రంగు వదలడం ఈ బట్ట ప్రత్యేకత అని అమ్ముకున్నారు. ఒక్క మాట సముద్రం దాటకపోవడం వల్ల అంత రచ్చ. మా విషయంలో ఆ మాట చీటీ దాకా కూడా రాలేదు.

శ్రీకాళహస్తి కలంకారీ తెరలు మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. వాటి పనిలో ఉతుకు ఒక భాగం. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద కలంతో గీసి, పటిక పట్టించి, రంగు రంగుకూ నడుమ పారే నీళ్లలో జాడిస్తారు. అలా చేసిన అసలు కలంకారీని ఇంట్లో చల్లని నీళ్లు, కొద్దిగా కుంకుడు రసంతో విడిగా ఉతికి నీడలో ఆరవేస్తే చాలు. సోడా, బ్లీచు తగలకూడదు. కలంకారీ పేరుతో అమ్మే అచ్చు బట్టలు వేరు. వాటికి పైన చెప్పిన తెల్లగుడ్డ పరీక్ష తప్పనిసరి.

వృత్తివారి మూడు పద్ధతులు

మొదటిది నీళ్ల ఉతుకు. నూలు, పాలిస్టరు, వలలాంటి పలుచని కర్టెన్లకు ఇది సరిపోతుంది. వృత్తివారు మురికి కర్టెన్‌ను ముందు ఉత్త చల్లని నీళ్లలో నానబెడతారు. నీళ్లు నల్లగా దిగితే పారబోసి మళ్లీ పడతారు. సబ్బు ఆ తర్వాతే. కర్టెన్లను పెద్ద వలసంచిలో పెట్టి, యంత్రం సగానికి మించి నింపకుండా, తక్కువ వేగంతో తిప్పుతారు. కిక్కిరిసిన యంత్రంలో నీళ్లు తిరగవు, మడతలు విరుగుతాయి. చివరి జాడింపులో కాస్త వెనిగర్ లాంటి పుల్లని ద్రవం కలుపుతారు. సబ్బు క్షారం పోయి బట్ట మెత్తబడుతుంది.

రెండవది డ్రైక్లీనింగ్. పేరుకు పొడి అయినా ఇందులోనూ తడి ఉంటుంది, నీటి తడి కాదు. నూనె మురికిని కరిగించే ద్రావకంలో బట్టను తిప్పుతారు. నీళ్లు దారంలోకి దిగి ఉబ్బిస్తాయి, ద్రావకం ఉబ్బించదు. అందుకే పట్టు, జరీ, అస్తరు వేసిన బరువు కర్టెన్లు దీనిలో కుంగవు. ఎక్కువగా వాడుతూ వచ్చిన ద్రావకం పెర్‌క్లోరోఎథిలీన్. దీన్ని క్యాన్సర్ కలిగించగల పదార్థంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అనుమానిత జాబితాలో చేర్చింది. 2024 డిసెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ డ్రైక్లీనింగ్‌లో దీన్ని పదేళ్లలో దశలవారీగా మాన్పించే నియమం ప్రకటించింది. ఎక్కువ ప్రమాదం రోజూ ఆ యంత్రాల దగ్గర నిలబడి పనిచేసేవారికి. మనం చేయవలసింది ఒకటుంది. డ్రైక్లీనింగ్ అయి వచ్చిన కర్టెన్‌ను ప్లాస్టిక్ కవరు తీసి, వాసన పోయేదాకా ఆరుబయట గాలికి వేలాడదీసి, తర్వాతే పడకగదిలో కట్టాలి.

మూడవది ఆవిరి. కర్టెన్‌ను దించకుండా, ఇంటికే వచ్చి, వాక్యూమ్ చేసి, ఆవిరి పట్టించి తుడుస్తారు. మఖమలుకు, దించడానికి వీలుకాని పెద్ద తెరలకు ఇది మంచిది. మడతలు పోతాయి, పైదుమ్ము పోతుంది. లోతైన మురికి మాత్రం పోదు. ఉతుకు బదులు ఇదే చాలని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు.

మన బోరు నీళ్ల సంగతి

పూండి జలాశయం పక్కనే ఉన్నా, దానిలోకి తెలుగు గంగ కాలువ ద్వారా కృష్ణ నీళ్లు వస్తున్నా, మనలో చాలామంది ఇళ్లలో బట్టలకు వాడేది బోరు నీళ్లే. అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వీటితో కలిసి తెల్లని తెట్టు కడుతుంది. ఆ తెట్టు దారాల్లో చిక్కుకుని, దాని మీద దుమ్ము పట్టి, తెల్ల కర్టెన్ ఏడాదికేడాది బూడిద రంగుకు తిరుగుతుంది. ఎంత ఎక్కువ సబ్బు వేస్తే అంత ఎక్కువ తెట్టు. చాలా ఇళ్లలో కర్టెన్లు పాతబడింది వాడకం వల్ల కాదు, ఈ నీళ్ల వల్ల.

తెలుసుకోవడం తేలిక. సీసాలో సగం నీళ్లు పోసి, నాలుగు చుక్కల సబ్బునీళ్లు వేసి బాగా కుదపండి. నురగ నిలిస్తే మంచి నీళ్లు. నురగ లేక తెల్లగా విరిగితే ఉప్పునీళ్లు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటుంది. తాగడానికి ఒప్పుకున్న ఆ నీళ్లు తెల్లబట్టకు మాత్రం మేలు చేయవు. పెద్ద లాండ్రీలలో ఉప్పుతో పనిచేసే మెత్తబరిచే యంత్రం ఉంటుంది. ఉందా అని అడిగి ఇవ్వండి. ఇంట్లో అయితే బట్టసబ్బు బదులు డిటర్జెంటు వాడాలి. తెల్ల నూలుకు కాస్త వాషింగ్ సోడా కలపవచ్చు, పట్టుకు కూడదు. చివరి జాడింపుకు వాననీళ్లు దొరికితే అంతకన్నా మంచిది లేదు. 2003 నుంచి మన రాష్ట్రంలో ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు కదా, మేడమీది మొదటి వాన వదిలేసి తర్వాతి నీళ్లు రెండు డ్రమ్ములు పట్టుకుంటే పట్టు బట్టలకు పనికొస్తాయి.

ఈ నీళ్ల మాట మీదనే తిరుత్తణి వైపు ఎనభై దాటిన ఒక అవ్వ దగ్గర కూర్చున్నాము. ఆమె కుటుంబానిది తరతరాలుగా ఇదే వృత్తి. చాకిరేవులో చౌడు మట్టి కలిపిన నీళ్లలో తెల్లబట్టలు ముంచి, బాన మీద పేర్చి, రాత్రంతా ఉబ్బ పెట్టేవారు. చౌడులోని క్షారం, ఆవిరి వేడి కలిసి జిడ్డును వదిలించేవి. ఇదే పనిని తమిళంలో వెళ్ళావి అంటారు, చౌడును ఉవర్‌మణ్ అంటారు. మా తెర కథ చెబితే ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "తడిగుడ్డను మడిచిపెట్టినారా నాయనా?" తర్వాత అన్నారు: "రంగుగుడ్డకు మేము ఉబ్బ పెట్టేది లేదు. తెల్లదానికే అది. గుడ్డను చూసినాకే నీళ్లు చూడాల."

ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి రసంతో అంచులో గుర్తు పెట్టేవారట. ఎన్ని ఉతుకులైనా ఆ గుర్తు పోదు. ఆ గుర్తు చూడగానే ఏ ఇల్లో, ఆ ఇంటివాళ్లకు గంజి ఎంత కావాలో కూడా ఆమెకు తెలిసేది. మన చెన్నైలో వణ్ణారపేట్టై అని ఒక పేటే ఉంది. ఈస్టిండియా కంపెనీ ఎగుమతి బట్టలను ఉతికి తెల్లబరిచే పనివారు కాపురం ఉన్న చోటు అది. అంత విద్య ఉన్న వృత్తిని మనం "ఉతికేవాడు" అని ఒక్క మాటలో తేల్చేశాము.

మరకలు

పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. కంగారు పడకండి, క్షారానికి పసుపు గుణం అంతే. సబ్బు బాగా జాడించి ఎండలో వేస్తే క్రమంగా వెలుస్తుంది. దీపం మసిని తడపకుండా ముందు పొడిగా దులపాలి. రుద్దితే లోపలికి పోతుంది. వంటింటి నూనె జిడ్డు మీద ముందు పిండి చల్లి పీల్చనిచ్చి, తర్వాత డిటర్జెంటు వాడాలి. తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి కొంతసేపు ఉంచి కడగాలి. బ్లీచు వేస్తే తుప్పు ఇంకా ముదురుతుంది. ఐప్పసి, కార్తీక వానలకు పట్టే బూజును బయట ఆరిన తర్వాత దులిపి, వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవాలి.

బ్లీచు తెల్ల నూలుకు మాత్రమే. పట్టును, ఉన్నిని అది తినేస్తుంది. ఒక హెచ్చరిక మాత్రం పెద్ద అక్షరాలతో రాసినట్టుగా చదవండి. బ్లీచును వెనిగర్‌తో గాని, టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గాని ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూములో అది ప్రాణాపాయం.

ఆరబెట్టడం, మళ్లీ కట్టడం

కర్టెన్‌ను మెలిపెట్టి పిండకూడదు. నీళ్లు కారనిచ్చి, రెండు తీగల మీద బరువు పంచి, లోపలి వైపు పైకి వచ్చేలా నీడలో వేయాలి. పాలిస్టరు, వల కర్టెన్లను కాస్త తడిగా ఉండగానే కడ్డీకి ఎక్కిస్తే తమ బరువుకే ముడతలు పోతాయి. చేనేత నూలును అలా ఎక్కించకూడదు. తడి బరువుకు సాగి వంకర పోతుంది. నూలుకు కొద్దిపాటి తడి ఉండగా లోపలి వైపునుంచి ఇస్త్రీ చేయాలి. కట్టే ముందు కడ్డీని, కిటికీ చువ్వలను తుడవండి. చాలామంది ఇది మరిచి, ఉతికిన కర్టెన్‌ను అదే దుమ్ములో వేలాడదీస్తారు.

చీటీ నమూనా

బట్టలు ఇచ్చేటప్పుడు ఈ విధంగా రెండు ప్రతులు రాసి, ఒకటి వారికి ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

సంఖ్య: కర్టెన్లు 4, కొక్కేలు తీసివేశాము.
కొలత: పొడవు 84 అంగుళాలు, వెడల్పు 48 అంగుళాలు.
బట్ట: చేనేత నూలు, అస్తరు లేదు. ఇదివరకు ఉతికినదే.
రంగు: నీలం, అంచు ఎరుపు. ఎరుపు రంగు వదులుతుంది, పరీక్షించి చూశాము.
మరక: ఎడమ అంచు కింద పసుపు.
పాత దెబ్బలు: ఒకచోట కుట్టు ఊడి ఉంది.
చేయకూడనివి: వేడినీళ్లు, బ్లీచు, తడిమీద మడత.

వారిని మూడు ప్రశ్నలు అడగండి. ఏ పద్ధతిలో ఉతుకుతారు, విడిగా ఉతుకుతారా, కుంగితే ఎంతవరకు కుంగవచ్చు. నిదానంగా జవాబు చెప్పేవారికి రెండు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. బట్టను చూడకుండానే ధర చెప్పేవారికి పట్టు, కలంకారీ ఇవ్వకండి.

చీటీ తమిళంలో రాయండి. ఉతికేవారు చదవాలి కదా. తమిళం రాయడానికి తడబడే పెద్దవారు మనవళ్లకు, మనవరాళ్లకు తెలుగులో చెప్పి రాయించండి. అస్తరు, చౌడు, ఉబ్బ, గంజి అనే మాటలు ఆ వంకతోనైనా వాళ్ల చెవిన పడతాయి.

మన వేదిక తెర సంగతి అడుగుతున్నవారికి జవాబు. అక్షరాలను కుట్టు విప్పి, పసుపు బట్టను విడిగా మూడుసార్లు జాడించాము. గులాబీ చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. కొత్త బట్ట మీద కుట్టిద్దామా అని మిగిలి ఉన్న ఆ ఇద్దరు అమ్మలను అడిగాము. వద్దన్నారు, పాతదాని మీదనే కుడతామన్నారు. అక్షరాలకు రంగు వదలని కొత్త గుడ్డ తెచ్చి, పాత అక్షరాలను కొలతగా పెట్టుకుని కుడుతున్నారు. తెలుగు తరగతికి వచ్చే ఐదుగురు ఆడపిల్లలు పక్కన కూర్చుని నేర్చుకుంటున్నారు. పొట్టిదయిన చోట నాలుగు అంగుళాల అంచు వేయించాము. వచ్చే వార్షికోత్సవానికి ఆ తెరనే కడతాము.

తెర ఏ బట్టో, అక్షరాలకు ఏ గుడ్డ వాడామో, ఎలా ఉతకాలో తెలుగులో, తమిళంలో రాసి సంఘం రిజిస్టరులో అతికించాము. మా తర్వాత వచ్చే కార్యదర్శి "తెర 1" అని రాయకుండా ఉండటానికి.